గుండెకో గడియారం

భీమవరం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం పది రోజులుగా నా బల్లమీద ఉంది. వారి భర్తగారికి యాభై నాలుగేళ్లట. ఒళ్లు తగ్గించమని డాక్టరు చెబితే సైకిలు కొన్నారు. రోజూ తెల్లవారుజామున ఇరవై కిలోమీటర్లు తొక్కి వస్తున్నారు. ఇప్పుడు, తొక్కుతూండగా గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చెప్పే చేతివాచీ కావాలంటున్నారట. "పక్కింటి కుర్రవాడు రెండున్నర వేలకే దొరుకుతుందంటాడు. మా అబ్బాయేమో పాతిక వేలు పెట్టందే పనికిరాదంటాడు. పదివేలకు మించి మాకు శక్తి లేదు. ఏది కొనమంటారు?" అని వారి ప్రశ్న.

అమ్మా, నేను వాచీల వ్యాపారిని కాను. అయినా మీకు జవాబు చెప్పే అర్హత నాకు కొంత ఉందనే అనుకుంటున్నాను. రెండున్నర వేల వాచీ ఒకటి మా వియ్యంకులవారిని ఎక్కడిదాకా తీసుకుపోయిందో కళ్లారా చూసినవాణ్ని.

మా వియ్యంకులవారికి 62 ఏళ్లు. ఉద్యోగం విరమించాక రాజమండ్రిలో మా వీధిలోనే ఇల్లు తీసుకున్నారు. ఇద్దరం పొద్దున్నే సైకిళ్లు తీసి, 1974లో కట్టిన రోడ్డు-రైలు వంతెన మీదుగా కొవ్వూరు వెళ్లి, కాఫీ తాగి తిరిగి వస్తాం. వంతెన ఎక్కే దారి చూడడానికి ఏటవాలే గాని, అరవై దాటిన మోకాళ్లకు అది కొండే. కిందటి సంక్రాంతికి వారి అబ్బాయి, అంటే మా అల్లుడు, ఒక వాచీ తెచ్చి తండ్రి చేతికి పెట్టాడు. అడుగుభాగాన ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. అడుగులు లెక్కపెడుతుంది, నిద్ర లెక్కపెడుతుంది, ఎవరైనా ఫోను చేస్తే వణుకుతుంది. నాడి సంగతి సరేసరి.

దాంతోపాటు ఒక లెక్క కూడా వచ్చింది. 220లోంచి వయస్సు తీసేస్తే గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం వస్తుందనీ, అందులో నూటికి ఎనభై పాళ్లు చేరుకుంటేనే వ్యాయామం ఒంటికి పడుతుందనీ. మా వియ్యంకులవారికి అది 126. వంతెన ఎక్కుతూ వాచీ చూస్తే 96.

"బావగారూ, ఇంకా ముప్పై బాకీ ఉన్నాం, జోరు చెయ్యాలి" అన్నారు.

చేశారు. వంతెనమీదికి వచ్చేసరికి ముఖం పాలిపోయింది. మాట పెగల్లేదు. దిగి రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. అప్పటికీ వాచీ 101 దగ్గరే కూచుంది. నేను వారి మెడపక్క రెండు వేళ్లు పెట్టి నా పాతకాలపు కీ వాచీ చూస్తూ లెక్కపెట్టాను. 15 సెకన్లలో 38. నాలుగుతో హెచ్చవేస్తే 152! పైగా ఆగిన తరువాత నాడి వేగంగా దిగిపోతుంది కాబట్టి, తొక్కుతున్నప్పుడు ఇంకా ఎక్కువే ఉండి ఉండాలి. నూటయాభై దాటిన మనిషి నూట ఇరవయ్యారు కోసం వెంపర్లాడుతున్నారన్న మాట.

సైకిళ్లు అక్కడే తాళం వేసి ఆటోలో ఇంటికి తెచ్చాను. మా చెల్లెమ్మ, అంటే వియ్యపురాలు, ఆ రోజు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. సాయంత్రం డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఆయన పరీక్షలు చేయించారు. నడిచే పట్టీమీద నడిపించి కాగితం తీశారు. మందులు రాశారు. సైకిలు మానక్కరలేదన్నారు గాని, నాడి 115 దాటనివ్వవద్దని ఖండితంగా చెప్పారు. (ఈ అంకె మా వియ్యంకులవారి గుండెను పరీక్షించి చెప్పినది. దయచేసి ఎవరూ దీన్ని అరువు తీసుకోవద్దు.)

అప్పటినుంచి నిజం చెప్పే వాచీ మాకు సరదా కాక అవసరమైంది. వెతుకులాట మొదలైంది.

ఆ చేతివాచీ అబద్ధం ఎందుకు చెప్పిందంటారు? పాపం, అది గుండెను వినడమే లేదు సుమండీ. చర్మంలోకి ఆకుపచ్చ వెలుతురు పంపి, తిరిగి ఎంత వస్తోందో చూస్తుంది. నెత్తురు ఆకుపచ్చ వెలుతురును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో నెత్తురు కాస్త పొంగుతుంది, తిరిగి వచ్చే వెలుతురు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టి నాడి అంటుంది. కుర్చీలో కూచున్న మనిషికి ఇది చక్కగా సరిపోతుంది. సైకిలుమీద అలా కాదు. హాండిలు బిగించి పట్టుకుంటే మణికట్టు వంగుతుంది, కండరాలూ నరాలూ కదులుతాయి, వాచీ చర్మాన్ని వదిలి లేస్తుంది, రోడ్డు కుదుపులన్నీ చేతిలోకే వస్తాయి. మాఘమాసపు చలికి చర్మంలో నెత్తురు వెనక్కి తగ్గుతుంది. ఇన్నిటి మధ్య వాచీ ఏదో ఒక అంకె చెప్పాలి గనుక చెబుతుంది. తెలియదని చెప్పే మర్యాద వాటిలో చాలావాటికి లేదు.

అంచేత షాపులో కౌంటరు దగ్గర నిలబడి పెట్టుకు చూసి, సరిగానే ఉందనుకుని కొనడం పొరపాటు. అక్కడ అన్ని వాచీలూ సరిగానే ఉంటాయి. మేము వెళ్లిన షాపులో కుర్రవాడు మూడు రకాలు తీశాడు. మూడూ 78 అన్నాయి. మా వియ్యంకులవారు వాటిని పెట్టుకుని షాపు మెట్లు రెండు అంతస్తులు నెమ్మదిగా ఎక్కి దిగి, బయట ఉన్న ఎవరిదో సైకిలు హాండిలు పట్టుకుని నిలబడ్డారు. నేను వేళ్లతో లెక్కపెడితే 108. ఒకటి 104 చెప్పింది, ఒకటి 88, మూడోది ఇంకా 78 దగ్గరే ఆలోచిస్తోంది. వాటిలో అన్నిటికంటే ఖరీదైనది ఏదని మీరు అడుగుతారేమో. 88 చెప్పినది.

నాడిని గడియారంతో కొలవడం కొత్తదేమీ కాదు. 1707లోనే ఇంగ్లండులో సర్ జాన్ ఫ్లాయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక్క నిమిషం నడిచే గడియారం ప్రత్యేకంగా చేయించుకుని, రోగుల నాడి లెక్కపెట్టి పుస్తకం రాశాడు. తొక్కేవాడూ పరుగెత్తేవాడూ తన నాడి తానే చూసుకునే సాధనం మాత్రం ఫిన్లండునుంచి వచ్చింది. అక్కడ మంచుమీద స్కీ కర్రలతో జారే ఆటగాళ్ల కోసం ఊలూ విశ్వవిద్యాలయపు ఆచార్యుడొకడు 1977లో పోలార్ అనే కంపెనీ పెట్టాడు. 1982లో ఆ కంపెనీ, ఛాతీకి కట్టుకునే పట్టీ ఒకటి, తీగ లేకుండా దాని కబురందుకునే చేతివాచీ ఒకటి జంటగా అమ్మకానికి తెచ్చింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా పుట్టే సన్నని విద్యుత్తును ఆ పట్టీ పట్టుకుంటుంది. ఆస్పత్రిలో ఇ.సి.జి. తీసే పద్ధతే. కుదుపులతో దానికి అంత పేచీ లేదు. నలభై ఏళ్లు దాటినా సైకిలువాళ్లకు దానికి సాటి రాలేదు.

కాబట్టి అమ్మా, మీ పదివేలలో మొదటి ఖర్చు వాచీకి కాదు, ఛాతీపట్టీకి. మేము కొన్నప్పుడు సాదారకం మూడు నాలుగు వేలలో దొరికింది. నాణెంలాంటి చిన్న బ్యాటరీ వేస్తే నెలల తరబడి నడుస్తుంది. ఆ పట్టీ చెప్పే అంకెను ఎక్కడ చూసుకోవడం అన్నది రెండో ప్రశ్న. దీనికి ఖర్చులేని ఉపాయం ఉంది. ఇంట్లో ఉన్న ఫోనే. పట్టీ బ్లూటూత్ ద్వారా ఫోనుతో మాట్లాడుతుంది. ముందు నెల్లాళ్లు ఇలాగే గడపండి. వారికి సైకిలుమీద ఆసక్తి నిలుస్తుందో లేదో కూడా తేలుతుంది. (మా వీధిలో బట్టలు ఆరవేసుకునే వ్యాయామపు సైకిళ్లు మూడున్నాయి.)

నిలిచిందనుకోండి, అప్పుడు హాండిలుమీద బిగించే చిన్న సైకిలు మీటరు కొనండి. అయిదు నుంచి ఏడు వేల లోపల మాకు కొన్ని కనిపించాయి. అంకెలు పెద్దవి, ఎండలో కనపడతాయి, చెయ్యి తిప్పి చూసుకోనక్కరలేదు. చెయ్యి తిప్పి వాచీ చూసుకుంటూ లారీ కింద పడితే నాడి ఎంత ఉన్నా ఒకటే కదా.

లేదు, వాచీయే కావాలని వారు పట్టుపడితే, షాపులో మొట్టమొదట అడగవలసిన మాట ఒకటి ఉంది. "ఇది బయటి ఛాతీపట్టీని అందుకుంటుందా?" చవకరకాల్లో చాలావాటికి ఆ యోగ్యత లేదు. తమ పచ్చదీపం తప్ప ఇంకొకటి ఎరగవు. గార్మిన్, పోలార్, కోరోస్ లాంటి కంపెనీల ఆటవాచీలు అందుకుంటాయి గాని, కొత్తవాటి ధర మీ లెక్క దాటిపోతుంది. వాటిలో రెండు మూడేళ్లు వాడినది తెలిసినవాళ్ల దగ్గర దొరికితే నామోషీ పడకుండా తీసుకోండి. బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తోందో మాత్రం ఒకపూట వాడి చూడండి. పట్టీలూ వాచీలూ మాట్లాడుకునే భాషలు రెండున్నాయి, బ్లూటూత్ ఒకటి, యాంట్ ప్లస్ ఒకటి. ఇప్పటి పట్టీల్లో చాలామట్టుకు రెండూ వచ్చు. కొన్ని వాచీలకు ఒకటే వచ్చు. కొనేముందు జత కలిపి చూపించమనండి.

రెండో మాట, హద్దు అంకెను మన చేత్తో మనం వేసుకోనిస్తుందా, అది దాటితే కూత పెడుతుందా అన్నది. ఇది మా వియ్యంకులవారి వల్ల తెలిసింది. డాక్టరుగారు రాసిన మందుల్లో ఒకటి గుండె వేగాన్ని అదిమిపట్టే రకం. రక్తపుపోటుకు ఎంతోమంది వేసుకునేదే. ఆ మాత్ర మింగిన మనిషికి 220 లెక్క ఎందుకు కొరగాదు. మాత్ర లేకపోయినా ఆ లెక్క వేదవాక్కేమీ కాదు. 1970 ప్రాంతాల్లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు కొన్ని పాత లెక్కలు పోగుచేసి వాటిమీద ఉరామరిగా గీసిన గీత అది. తరువాత 2001లో మరికొందరు వయస్సును 0.7తో హెచ్చవేసి 208లోంచి తీసెయ్యమన్నారు. అదీ సగటే. మనిషికీ మనిషికీ పది పన్నెండు తేడా మామూలు. చాలా వాచీలు వయస్సు అడిగి, ఆ సగటుతోనే మనకు మండలాలు గీసి, ఎర్రరంగూ పచ్చరంగూ వేసి చూపిస్తాయి. మీ వారు రోజూ ఏ మాత్రలు వేసుకుంటారో ఉత్తరంలో రాయలేదు. సైకిలు తొక్కమన్న డాక్టరునే హద్దు ఎంతో కూడా అడగండి. ఛాతీలో నొప్పో బరువో తోచినా, కళ్లు తిరిగినా వాచీ ఏం చెప్పినా దిగిపొమ్మని, దిగాక ఇంటికి కాదు, ఆస్పత్రికి వెళ్లమని చెప్పండి.

దేశపటాలు, ప్రాణవాయువు కొలతలు, నిద్రకు మార్కులు, పాటలు, వీటికి అదనంగా ఒక్క రూపాయి పెట్టవద్దు. భీమవరంలో ఇరవై కిలోమీటర్లకు దేశపటం దేనికి?

పట్టీకి కొంత సేవ అవసరం. కట్టుకునేముందు దాని లోపలి మెత్తటి పలకల్ని నీళ్లతో తడపాలి. చెమట పట్టనిదే ఒళ్లు విద్యుత్తును సరిగా అందనివ్వదు, మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి. వదులుగా ఎగిరే నైలాను చొక్కా కూడా అలాంటి చిలిపిపని చేస్తుంది. ఇంటికి రాగానే మధ్యలోని బిళ్ల ఊడదీసి, పట్టీని మంచినీళ్లతో జాడించి నీడన ఆరవెయ్యాలి. బిళ్ల ఊడదీయకపోతే బ్యాటరీ ఊరికే అయిపోతుంది. మా చెల్లెమ్మ దీన్ని గుండెతాడు అంటుంది. ఆరోగ్యం కోసం మా ఆవిడ కూడా ఈమధ్య సైకిలు మొదలుపెట్టింది గాని, ఆ పట్టీ ఒంటికి కట్టుకోవడానికి ససేమిరా ఒప్పుకోలేదు. తనకోసం మోచేతి పైభాగాన కట్టుకునే దండపట్టీ తెచ్చాం. అదీ వెలుతురుతో చూసేదే గాని, అక్కడ కండ ఉంది, వంపు లేదు కాబట్టి మణికట్టుకంటే ఎంతో నయం. పేరు వంకీ అని పెట్టుకుంది.

మా వియ్యంకులవారు కొడుకు పంపినది కదా అని ఆ పాత వాచీని ఇప్పటికీ పెట్టుకుంటారు. నిన్న వంతెన ఎక్కుతూండగా హాండిలుమీది మీటరు కూత పెట్టింది. వెంటనే దిగారు. ఇద్దరం సైకిళ్లు నడిపించుకుంటూ పోతున్నాం. కింద రైలు వచ్చింది. వంతెన సన్నగా అదిరింది. మీటరు 104కు దిగింది. వారు చెయ్యి తిప్పి వాచీ చూశారు. 141.

"బావగారూ, దీనికి రైలంటే దడ" అన్నారు.