యేసు అడిగాడు, యంత్రం ఊహిస్తుందట

స్పృహలేని రోగికి ఏ వైద్యం ఇష్టమో కంప్యూటర్ చెబుతుందని విదేశాల్లో కొందరు నీతిశాస్త్ర పండితులు వాదిస్తున్నారు. వయసు, లింగం వంటి వివరాలతో లెక్కగట్టమన్నది 2014 నాటి ప్రతిపాదన. ఆ మనిషి రాతల్నే కృత్రిమ మేధకు నేర్పమన్నది 2024 నాటిది. కుటుంబీకుల అంచనా మూడింట ఒకసారి తప్పుతోందని 2006లో ఒక సమీక్ష తేల్చింది. తప్పుతుంటే ముందే అడగాలి గానీ, యంత్రానికి అప్పగిస్తారా?

రాయచూరు జిల్లా అరకేరలో కూలికి పత్తి తీసే తల్లికి రాతలెక్కడివి? యంత్రానికి దొరికేది ఆమె వదులుకున్న వైద్యమే. అప్పుకు భయపడి "వద్దు" అన్నమాటను ఆమె ఇష్టంగా లెక్కిస్తే, అది పేదరికం ఇచ్చిన తీర్పు. దానికి మేము తలవంచము.

బర్తిమయికి చూపులేదని తెలిసి కూడా, ఏం కావాలో యేసు అతణ్ణే అడిగాడు. అడగడమే మనిషికిచ్చే గౌరవం.

చట్టంలోనూ దారి ఉంది. ముందస్తు వైద్య ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో సులభం చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. కర్ణాటక 2025 జనవరిలో దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది.

ఆ పత్రం కన్నడలో, తెలుగులో ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. చదువురానివారికి చదివి వినిపించాలి. ముందుగా, వైద్యానికి అప్పు చేయాల్సిన గతి పోవాలి. అప్పుడే ఆమె "వద్దు" నిజంగా ఆమెది అవుతుంది.