ఏం తక్కువైందని అడిగేవారికి

పేరు, డబ్బు, చప్పట్లు అన్నీ ఉన్న ఆటగాడు డిప్రెషన్‌తో కుంగిపోయాడని తెలిస్తే తెలుగు ఇళ్లలో మొదట వినిపించే మాట, "వాడికేం తక్కువైంది?" మధుమేహం వచ్చినవాడిని ఎవరూ ఆ మాట అడగరు. డిప్రెషన్ లోటువల్ల పుట్టే దిగులు కాదు, జబ్బు. అది వచ్చేముందు ఎవరి ఆస్తిపాస్తులూ లెక్కచూడదు.

ఇంగ్లండ్ ఓపెనర్ మార్కస్ ట్రెస్కోథిక్ ఆత్మకథ 'కమింగ్ బ్యాక్ టు మీ' (2008) చదివినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 76 టెస్టుల్లో 5,825 పరుగులు చేసిన మనిషి, 2006 ఫిబ్రవరిలో భారత పర్యటన మధ్యలోనే ఇంటిదారి పట్టాడు. తరువాత టీవీలో అడిగితే వైరస్ అన్నాడు. ఆ అబద్ధంలో తప్పు అతనిది కాదు. వైరస్ అంటే జాలిపడే లోకం, డిప్రెషన్ అంటే సంజాయిషీ అడుగుతుంది. అదే ఏడాది నవంబరులో ఆస్ట్రేలియా నుంచీ అతను తిరిగిరావలసి వచ్చింది. దాచినంత మాత్రాన జబ్బు తగ్గలేదు.

దాచడం ఎంత దూరం తీసుకుపోగలదో రోనాల్డ్ రెంగ్ రాసిన 'ఎ లైఫ్ టూ షార్ట్' చెబుతుంది. జర్మనీ గోల్‌కీపర్ రాబర్ట్ ఎంకే 2009 నవంబరు 10న, 32 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. జబ్బు సంగతి బయటపడితే ఆట పోతుందనీ, దత్తత తీసుకున్న పాపను తీసుకుపోతారనీ భయపడ్డాడు. 2006లో కన్నకూతురు గుండెజబ్బుతో పోయింది కాబట్టి అదే కారణమని తేల్చేసే పాఠకులుంటారు. ఆ దుఃఖం చిన్నది కాదు. కానీ డిప్రెషన్ అతన్ని 2003లోనే పట్టుకుంది. ఒక్క కారణం చూపి పుస్తకం మూసేయడానికి వీల్లేదు.

క్రీడాలోకం నెత్తిన పెట్టుకునే 'మానసిక దృఢత్వం' ఇక్కడే ఎదురుతిరుగుతుంది. నొప్పిని ముఖంలో కనబడనీయకపోవడం ఆటగాడికి చిన్ననాటి నుంచి నేర్పే విద్య. మైదానంలో గెలిపించే ఆ విద్యే వైద్యుడి దగ్గరకు వెళ్లే దారికి అడ్డం పడుతుంది. అలాంటివాడికి "ధైర్యంగా ఉండు" అని చెప్పడం, ఇంకాస్త బాగా దాచుకోమనడమే.

ట్రెస్కోథిక్ అంతర్జాతీయ క్రికెట్ వదులుకున్నాడు, చికిత్స తీసుకున్నాడు, నిజం చెప్పాడు. ఆ తరువాత 2019 దాకా సోమర్‌సెట్‌కు ఆడాడు. ధైర్యమనే మాట వాడి తీరాలనుకుంటే, వైరస్ అన్న నోటితోనే డిప్రెషన్ అని చెప్పినందుకు వాడాలి.