వంశానికి సాక్ష్యం ఎవరివ్వాలి?

మన హాస్టళ్లలో కొత్తగా చేరిన కుర్రాణ్ణి పేరు అడిగాక అడిగే రెండో ప్రశ్న ఇంటిపేరు. మూడోది నోటితో అడగం, జవాబు మనమే ఊహించుకుంటాం. “మీరేమిట్లు?” అన్న మాట మన కళ్లలోనే ఉంటుంది. పుట్టుకను బట్టి మనిషిని పోల్చుకోవడం మనకంత అలవాటు. అందుచేత, తన పుట్టుక గురించి తాను ఇన్నాళ్లూ నమ్మింది నిజం కాదని తెలుసుకున్నవాళ్ల సంగతి మనలాంటివాళ్లు కాస్త శ్రద్ధగా వినాలి.

మాడలిన్ ఆల్‌బ్రైట్ పేరు చాలామంది వినే ఉంటారు. 1937లో ప్రాగ్‌లో పుట్టి, క్యాథలిక్‌గా పెరిగి, 1997లో అమెరికా విదేశాంగ మంత్రి అయింది. తన తల్లిదండ్రులు పుట్టుకతో యూదులనీ, తాతయ్యలు, అమ్మమ్మ, నాయనమ్మల్లో ముగ్గురు నాజీల మారణకాండలో పోయారనీ ఆ సంవత్సరమే పత్రికల ద్వారా లోకానికి తెలిసింది. “అంత చదువుకున్నావిడకు ఇంతకాలం తెలియకపోవడమేమిటి?” అని వెక్కిరించినవాళ్లున్నారు. ఆవిడకెందుకు తెలియలేదని అడిగేవాళ్లు, కన్నవాళ్లు ఎందుకు చెప్పలేదని అడగరేం? కన్నబిడ్డకు కూడా సొంత తల్లి సంగతి చెప్పుకోలేనంత భయం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ భయం నిన్నమొన్నటిది కాదు. 1492లో స్పెయిన్ రాజదంపతులు ఫెర్డినాండ్, ఇసబెల్లా తమ దేశంలోని యూదులను మతమైనా మారండి, దేశమైనా విడవండి అన్నారు. చాలామంది పక్కనున్న పోర్చుగల్‌కు పోయారు. అక్కడా అయిదేళ్లకే, 1497లో, పట్టుకుని బలవంతాన బాప్తిస్మం ఇప్పించారు. 1536లో ఇంక్విజిషన్ అనే మత విచారణ దిగింది. శనివారం పని మానేశాడనో, పందిమాంసం ముట్టలేదనో పొరుగువాడు చాడీ చెబితే చాలు - విచారణ, జైలు, ఒక్కోసారి సజీవదహనం. గార్సియా ద ఓర్టా అనే వైద్యుడు మన గోవాలోనే ఉండి, ఈ దేశపు మందుల మీద 1563లో గొప్ప గ్రంథం అచ్చువేశాడు. 1568లో పోయాడు. తీరా 1580లో, ఆయన రహస్యంగా యూదుడిగా బతికాడని తేల్చి, ఎముకలు తవ్వి తీసి కాల్చారు! చచ్చినవాణ్ణి కూడా వదలని పట్టింపు అది.

ఆ పట్టింపు నడుమనే పోర్చుగల్‌లోని బెల్మాంట్ అనే కొండ ఊళ్లో కొన్ని కుటుంబాలు నాలుగు వందల ఏళ్లు పైకి క్రైస్తవులుగా, తలుపు చాటున యూదులుగా బతికాయి. 1917లో శామ్యూల్ ష్వార్జ్ అనే గనుల ఇంజనీరు, పోలండ్ యూదుడు, అక్కడికి వెళ్లి నేనూ మీవాణ్ణేనంటే వాళ్లు నమ్మలేదు. లోకంలో యూదులు ఇంకా ఉన్నారని వాళ్లకేం తెలుసు? గురువుల్లేరు, గ్రంథాల్లేవు, హీబ్రూ భాష ఎప్పుడో మరిచిపోయారు. ప్రార్థనలన్నీ ముసలమ్మల నోటనే మిగిలాయి. ఆయన హీబ్రూలో ప్రార్థన చదువుతుంటే, దేవుణ్ణి పిలిచే ‘అదొనాయ్’ అన్న ఒక్క మాట వాళ్లు పట్టుకున్నారట. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి అందుతూ అదొక్కటి చెక్కు చెదరలేదు. 1996లో ఆ ఊళ్లో సినగాగ్ వెలిసింది.

మరి యూదుడంటే ఎవరు? హిట్లర్ ప్రభుత్వం 1935లో నూరెంబర్గ్ చట్టాలు చేసి, తాతయ్యలు, అమ్మమ్మ, నాయనమ్మ - ఈ నలుగురిలో ముగ్గురు యూదులైతే చాలు, నువ్వు యూదుడివేనంది. ఇజ్రాయెల్ 1970లో తన చట్టాన్ని సవరించి, ఆ నలుగురిలో ఒక్కరు యూదులైనా వచ్చి స్థిరపడవచ్చంది. ఒకరు చంపడానికి లెక్కపెట్టిన తాతలను ఇంకొకరు చోటివ్వడానికి లెక్కపెట్టారు. అయితే ఆ ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే 1962లో, యుద్ధకాలంలో ఎందరో యూదుల ప్రాణాలు కాపాడిన ఆస్వాల్డ్ రూఫైసెన్‌కు ఆ హక్కు లేదంది. ఆయన పుట్టుకతో యూదుడే. కానీ క్రైస్తవ సన్యాసి అయ్యాడు గనుక మావాడు కాదన్నారు! వట్టి రక్తం అక్కడా చెల్లలేదన్నమాట. ఈ రోజుల్లో ఉమ్మి నమూనా పోస్టులో పంపితే మీలో ఇంత శాతం యూదులని చీటీ వస్తోంది. అమ్మమ్మ ఎందుకు నోరు మూసుకుందో ఆ చీటీలో ఉండదు.

ఇదంతా ఎక్కడో యూరప్ గొడవ అనుకోకండి. మన గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో 1991లో కొన్ని మాదిగ కుటుంబాలు సినగాగ్ కట్టుకున్నాయి. అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. తాము ఇజ్రాయెల్ గోత్రాల్లో ఎఫ్రాయీము సంతతివారమంటారు. శనివారం విశ్రాంతి పాటిస్తారు, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు, మాట్లాడేది మన తెలుగే. అదే 1991 ఆగస్టులో, అప్పటి అదే గుంటూరు జిల్లాలో, చుండూరులో దళితులను వెంటాడి చంపారు. ఈ రెండింటికీ ముడిపెట్టి సిద్ధాంతం చెయ్యబోను. కానీ ఒకే ఏడు, ఒకే జిల్లా అన్నది మరిచిపోలేం కదా!

“అబ్బే, విదేశం పోవడానికి వేసిన ఎత్తండీ” అని నవ్వేవాళ్లున్నారు. మణిపూర్, మిజోరంల బ్నే మెనాషే ప్రజలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తించాడు, వాళ్లలో వేలమంది వెళ్లారు. కొత్తరెడ్డిపాలెం వారికి అలాంటి గుర్తింపు రాలేదు. వీరి వంశకథకు శాసనం లేదు, తాళపత్రం లేదు. దాన్ని చరిత్రగా ఒప్పించే పని నేనూ పెట్టుకోను. ఆశ కూడా ఉండి ఉండవచ్చు, ఉంటే తప్పా? 2015లో స్పెయిన్, వెళ్లగొట్టిన యూదుల సంతతికి పౌరసత్వం ఇస్తామని చట్టం చేస్తే 2019లో గడువు ముగిసేలోగా లక్షకు పైగా దరఖాస్తులు పడ్డాయి. వాళ్లనెవరూ నవ్వలేదే!

ఇంకొక్క మాట. పెళ్లి పీటల మీద భారద్వాజస గోత్రమనీ, కాశ్యపస గోత్రమనీ ప్రవర చెప్పుకునే పెద్దమనిషిని, ఆ ఋషి మీ తాతేననడానికి కాగితమేదని ఏ పురోహితుడైనా అడిగాడా? జమీందారుగారు మాది సూర్యవంశమంటే తల ఊపలేదా మనం? ఊరి చివరి పేటలోంచి ఒకడు లేచి, నాకూ ఒక పూర్వీకుడున్నాడు, వాడెవరి కాళ్లకిందా లేడు అనగానే మాత్రం శాసనం కావాలి, రక్తపరీక్ష కావాలి, రబ్బీ సంతకం కావాలి. నా మటుకు నేను ఇద్దరినీ అడగను. అడగక తప్పదంటే, ముందు ఆ ప్రవర చెప్పినాయన్నే అడుగుతాను.