మన కెమెరా, మన సాక్ష్యం - 4: ముందు చెవి కొనండి, తర్వాత కన్ను

"అన్నా, వీడియోలు తీయడానికి తక్కువలో మంచి డీఎస్ఎల్ఆర్ చెప్పవా?" పోయిన భాగం పెట్టాక ఇన్‌బాక్స్‌లో ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇదే. అడిగిన వాళ్ళలో హాస్టల్ పిల్లలున్నారు, సంఘాల్లో తిరిగే వాళ్ళున్నారు. విడివిడిగా జవాబిచ్చే బదులు ఇక్కడే వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మనకు కావాల్సింది ఖరీదైన కెమెరా కాదు. మన మనిషి మాట స్పష్టంగా వినపడే కెమెరా, మన మనిషి మొహం నల్లటి మచ్చలా కాకుండా మొహంలాగే కనపడే కెమెరా. ఈ రెండూ పాత కెమెరాతో కూడా సాధ్యమే. వీటిని వదిలేసి మెగాపిక్సెళ్ళ వెంట, 4కె వెంట పడితే స్కాలర్‌షిప్ డబ్బులన్నీ షాపువాడి గల్లాలో పడతాయి.

ఇది షోకు వ్యవహారం కాదు. కారంచేడు 1985, చుండూరు 1991. అప్పటికి కెమెరా అంటే పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ దగ్గరో, పేపరు వాళ్ళ దగ్గరో ఉండే వస్తువు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు సాక్ష్యం నిలబడలేదని అందరినీ వదిలేసింది. వీడియో ఉంటే న్యాయం దానంతటదే వస్తుందని నేను అనను. కానీ మన నోటి మాటను నమ్మని చోట మన దగ్గర ఇంకేం ఉందనే ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

మరి ఫోన్ చాలదా? లైవ్ పెట్టడానికి, అప్పటికప్పుడు జరిగిన సంఘటన తీయడానికి ఫోనే మేలు. కానీ గంటసేపు ఒక పెద్దమ్మ జీవితాన్ని రికార్డు చేయాలన్నా, సాయంత్రం వాడలో తక్కువ వెలుతురులో తీయాలన్నా, సభలో దూరం నుంచి వేదికను పట్టుకోవాలన్నా పెద్ద సెన్సార్, మార్చుకునే లెన్సులు పనికొస్తాయి. పైగా కానన్, నికాన్ రెండూ దృష్టంతా మిర్రర్‌లెస్ వైపు మళ్ళించాయి. పెళ్ళి ఫోటోగ్రాఫర్లు కూడా అటే మారుతున్నారు. వాళ్ళు అమ్మేసిన డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. మన అవకాశం అక్కడుంది.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఒక చిన్న రంధ్రం. పక్కన రబ్బరు మూత తీస్తే 3.5 ఎంఎం మైక్ జాక్ ఉందా? కానన్ 1500డి, 3000డిలకు లేదు. నికాన్ డి3500కూ లేదు. షాపులో "బిగినర్లకు బెస్ట్" అని ముందు చూపించేవి ఇలాంటివే. ఫోటోలకు మంచివే, వీడియోకు చెవిటివి. అదే 2013లో వచ్చిన కానన్ 700డికి మైక్ జాక్ ఉంది, పక్కకు తిరిగే టచ్ స్క్రీన్ ఉంది. 70డి, 200డిలకు ఈ రెండింటితో పాటు డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ ఉంది. మనిషి కదిలితే ఫోకస్ వెతుక్కోకుండా మెత్తగా వెంట వెళ్తుంది. ఒక్కరే తీసుకునే వాళ్ళకు ఇది పెద్ద ఆసరా. 80డికి హెడ్‌ఫోన్ జాక్ కూడా ఉంది. 200డి మార్క్ 2లో 4కె ఉందని ఎగబడకండి. అందులో 4కె పెడితే ఫ్రేము బాగా కోసుకుపోతుంది, డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ కూడా పనిచేయదు. మన వీడియోలు చూసేది ఎక్కువగా ఫోన్లలోనే. ఫుల్ హెచ్‌డీ చాలు.

చేతిలో 35 వేలు ఉన్నాయనుకుందాం. బాడీకి, కిట్ లెన్సుకు కలిపి 20 వేలు దాటనివ్వకండి. మిగతాది మైక్, ట్రైపాడ్, అదనపు బ్యాటరీ, రెండు కార్డులకు. "అన్నా, కెమెరాకే మొత్తం పెట్టి మిగతావి తర్వాత కొంటా" అంటారు. ఆ తర్వాత అనేది మన ఇళ్ళల్లో రాదు. మీకు తెలుసు, నాకూ తెలుసు.

మైక్ గురించి. బోయా బీవై-ఎం1 లాంటి కాలర్ మైక్ తక్కువ ధరకే వస్తుంది, ఆరు మీటర్ల వైరు ఉంటుంది. కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూకు అంతకన్నా అక్కర్లేదు. ఇప్పటికే మైక్ జాక్ లేని కెమెరా కొన్నవాళ్ళు బాధపడొద్దు, అమ్మేయనూ వద్దు. మైక్‌ను ఫోన్‌కి తగిలించి, ఫోన్ జేబులో పెట్టి వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండు శబ్దాలనూ కలిపేయొచ్చు. ఇంకో మాట. సౌండ్ రికార్డింగ్ ఆటోలో వదిలేయకండి. డప్పు మోగిన వెంటనే కెమెరా శబ్దాన్ని కిందికి తొక్కేస్తుంది, ఆ వెంటనే మాట్లాడిన మనిషి గొంతు పీలగా వస్తుంది. మాన్యువల్‌లో పెట్టి, మీటరు మైనస్ 12 దగ్గర ఆడేలా చూసుకోండి. పది సెకన్లు తీసి, విని, అప్పుడు మొదలుపెట్టండి.

ఇప్పుడు మొహం సంగతి. కెమెరా మీటరు తన ముందున్న దాన్నంతా సగటు బూడిద రంగు చేయాలని చూస్తుంది. అందుకే తెల్ల సున్నం గోడ ముందు నల్లటి మనిషిని కూర్చోబెడితే గోడను తగ్గించబోయి మొహాన్ని చీకటి చేసేస్తుంది. ఒకప్పుడు కోడాక్ ఫిల్మ్ ప్రింట్ల రంగులు సరిచూసుకోవడానికి లాబుల్లో వాడిన కార్డు మీద ఉన్నది తెల్లజాతి అమ్మాయి బొమ్మ. చర్మం అంటే తెల్ల చర్మమే అన్న లెక్కతో ఈ యంత్రాల చరిత్ర నడిచింది. కాబట్టి ఆటోను నమ్మొద్దు. ఎక్స్‌పోజర్‌ను మొహం చూసి పెట్టండి, వెనక ఆకాశం తెల్లగా పోతే పోనివ్వండి. మనిషిని గుమ్మం దగ్గర, పక్క నుంచి వెలుతురు పడేలా కూర్చోబెట్టండి. రెండో వైపు ఒక తెల్ల థర్మోకోల్ షీట్ పట్టుకుంటే చాలు. లైట్ల కింద తీసేటప్పుడు మెనూలో పాల్ ఎంచుకుని 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైటు మిణుకుమిణుకు ఉండదు. తర్వాత డబ్బులుంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు కొనుక్కోవచ్చు. తక్కువ వెలుతురులో బంగారం. కానీ ఈ కెమెరాల మీద అది 80 ఎంఎంలా చూస్తుంది, చిన్న గదిలో ఇబ్బంది.

ట్రైపాడ్ దగ్గర నాకు జహీరాబాద్ పక్క పస్తాపూర్ గుర్తొస్తుంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో చదువు రాని దళిత మహిళా రైతులు వీడియో నేర్చుకుని, షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కింద నుంచి పైకి చూస్తే బానిస చూపు. కంటికి కన్ను సమానంగా ఉంటే సంఘం షాట్. ఫిల్మ్ స్కూళ్ళలో సంవత్సరాలు చదివినా ఇంత సూటిగా చెప్పలేరు. నులక మంచం మీద కూర్చున్న అవ్వ కంటి ఎత్తుకు దిగే ట్రైపాడ్ కొనండి. పైకి ఎంత లేస్తుందన్నది తర్వాత. తేలిక రకమైతే మధ్యలో ఇటుకలు వేసిన సంచి వేలాడదీయండి, గాలికి ఊగదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మీ మైక్ మీరే పట్టుకెళ్ళి జాక్‌లో పెట్టి చూడండి. పావుగంట ఆపకుండా రికార్డు చేయండి. లెన్సులోకి టార్చి కొట్టి సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూడండి, కోస్తా తేమలో ఇది మామూలే. సీరియల్ నంబరున్న బిల్లు లేకుండా మాత్రం కొనొద్దు. ఖరీదైన వస్తువు మన పిల్లల చేతిలో కనపడితే "ఎక్కడిదిరా ఇది?" అని అడిగే దేశం ఇది. బిల్లు ఫోటో ఫోన్‌లో ఉండాలి.

తీసిన దాన్ని కాపాడటం కూడా కెమెరా పనే. దాడి, బహిష్కరణ లాంటివి తీసినప్పుడు ఒరిజినల్ కార్డును పక్కన పెట్టండి, కాపీ మీదే ఎడిటింగ్ చేయండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఒకప్పుడు 65బి సర్టిఫికెట్ అడిగేవారు. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలోని సెక్షన్ 63 ప్రకారం అడుగుతున్నారు. అత్యాచార బాధితుల పేరు, మొహం, ఊరి గుర్తులు బయటపెట్టడం నేరం. లైకుల కోసం మన ఆడబిడ్డను మనమే బజారుకెక్కించొద్దు.

చివరిగా, ఈఎంఐ మీద ఒక్కరే కొనకండి. పదిమంది కలిసి కొనండి. కెమెరా సంఘానిది కావాలి, ఎవరు ఎప్పుడు తీసుకెళ్ళారో రాసే రిజిస్టర్ ఉండాలి. ఆ రిజిస్టర్‌లో చెల్లెళ్ళ పేర్లు సగం లేకపోతే, ఆ కెమెరా ఎంత మంచిదైనా అది తీసేది పటేల్ షాటే.

వచ్చే భాగంలో డబ్బు ఖర్చు లేకుండా ఎడిటింగ్ గురించి.

జై భీమ్.