ప్రశ్న అడిగే కుర్చీ

ఉద్యోగపు ఇంటర్వ్యూకి బయలుదేరే పిల్లకి మన ఇళ్ళల్లో సలహాలకు కొదవ లేదు. అమ్మ పెరుగూ పంచదారా నోట్లో పెడుతుంది. నాన్నగారు ఫైలు మూడుసార్లు విప్పి మూడుసార్లు సర్దుతారు. మామయ్య ఫోనుచేసి, ‘గట్టిగా మాట్లాడు, భయపడకు’ అంటాడు. పక్కింటావిడ ఎదురు రాకుండా తలుపు వేసుకుని మహోపకారం చేస్తుంది. అంతే! లోపల కూర్చున్నవాళ్ళు ఏమడుగుతారో, ఎందుకడుగుతారో, మార్కులు ఎలా వేస్తారో మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పడానికి ఎవరికి తెలుసు గనక?

నాకూ తెలియదు. ఇరవై యేళ్ళ కిందట తెలుగు ఎం.ఏ. పట్టా పుచ్చుకున్న కొత్తల్లో ఒక కళాశాలవారు పిలిస్తే, ఇస్త్రీ చీర నలుగుతుందని బస్సులో నిలబడే వెళ్ళాను. అంతకుముందు రాత్రంతా ప్రబంధాలూ, ఛందస్సూ వల్లెవేశాను. లోపల ముగ్గురు పెద్దమనుషులున్నారు. ఒకాయన నా కాగితాలు తిరగేసి, ‘పెళ్ళయిందా అమ్మా?’ అన్నారు. కాలేదన్నాను. ‘రేపు అయితే? ఆయన ఎక్కడికో తీసుకుపోతే?’ అన్నారు రెండో ఆయన. మూడో ఆయన గడియారం చూసుకున్నారు. అంతటితో సరి. ఆ ఉద్యోగం రాలేదు. పోనీండి, తరవాత మరోచోట వచ్చింది. కాని ఆ ముగ్గురిలో ఒక్కరు, ‘ఉత్పలమాలకి యతి ఎక్కడమ్మా?’ అని అడిగి ఉంటే, పదో అక్షరం అని చెప్పి, ఉద్యోగం రాకపోయినా తృప్తిగా ఇంటికి పోయేదాన్ని.

ఈమధ్య మా కళాశాలలో ఆఖరి సంవత్సరం పిల్లల్ని ఎంచుకోవడానికి ఒక కంపెనీవారు వస్తున్నారని కబురు వచ్చింది. పిల్లలకు తరిఫీదు ఇమ్మని ప్రిన్సిపాలుగారు నన్నూ, కామర్సు మాస్టారినీ పురమాయించారు. తీరా చూస్తే మా పిల్లలకు జవాబులన్నీ కంఠతా వచ్చు. ‘నీ గురించి చెప్పు’ అనడం తరువాయి, అందరిదీ ఒకటే ఇంగ్లీషు దండకం. కష్టపడి పనిచేస్తాను, అందరితో కలిసిపోతాను, నా బలహీనత ఏమిటంటే పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టదు! నలభై మంది నోట ఇది విన్నాక నాకు మాత్రం నిద్ర ముంచుకొచ్చింది.

అప్పుడు తోచింది. జవాబులు నేర్పడం మాని, వీళ్ళనే ప్రశ్నలడిగే కుర్చీలో కూర్చోబెడితే? ఒక పుస్తకాల దుకాణం ఉన్నట్టూ, అందులో లెక్కలు చూసేందుకు ఒక మనిషి కావలసినట్టూ అనుకున్నాం. అయిదుగురు పిల్లలు ఎంపిక సంఘం, ఆరుగురు అభ్యర్థులు.

మొదటిరోజు వాళ్ళ ఇష్టానికి వదిలేశాం. ఒకణ్ణి సినిమాల గురించి అడిగారు. ఒకణ్ణి జి.ఎస్.టి. గురించి అడిగి చెమటలు పట్టించారు. ఒక అమ్మాయిని ఊరు పేరు తప్ప మరేమీ అడగనేలేదు. మంచి గొంతూ, గలగలలాడే ఇంగ్లీషూ ఉన్న కుర్రవాడు బయటికి వెళ్ళీ వెళ్ళకముందే సంఘంలో ఒకడు, ‘అదరగొట్టాడు’ అన్నాడు. తక్కిన నలుగురూ అప్పటిదాకా వేసుకున్న అంకెలు కొట్టేసి, పెద్ద అంకెలు వేశారు.

‘ఎందుకర్రా అతన్ని తీసుకున్నారు?’ అన్నాను.

‘బాగా మాట్లాడాడు మేడమ్.’

‘ఏం మాట్లాడాడు?’

అయిదుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మీరు నవ్వకండి. ఇది పెద్దలకూ ఉన్న జబ్బే. అమెరికాలో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 85 యేళ్ళ పరిశోధనలను పోగుచేసి 1998లో ఒక వ్యాసం వెలువరించారు. తోచింది తోచినట్టు అడిగే ఇంటర్వ్యూ కంటే, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ఒకే కొలతతో మార్కులిచ్చే ఇంటర్వ్యూ, మనిషి ఉద్యోగంలో రాణిస్తాడా లేదా అన్నది మెరుగ్గా పసిగడుతుందని తేల్చారు. 2022లో సాకెట్ అనే ఆయనా, మరికొందరూ ఆ లెక్కల్ని తిరగదోడారు. చాలా పరీక్షల విలువ తగ్గిపోయింది గాని, ఈ పద్ధతి మాత్రం అన్నిటికంటే ముందు నిలిచింది. మన కేంద్ర ప్రభుత్వమైతే 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి ఉద్యోగాలకూ, గెజిటెడ్ కాని గ్రూప్-బి ఉద్యోగాలకూ ఇంటర్వ్యూలే ఎత్తివేసింది. సివిల్ సర్వీసులకు ఉంచారు, అక్కడ కూడా 2025 మార్కుల్లో దాని వాటా 275. కంపెనీల్లో అలా కాదుగా! చాలాచోట్ల ఆ అరగంటే పిల్లల తలరాత.

రెండోరోజు కామర్సు మాస్టారు నల్లబల్ల మీద ఒకటే ప్రశ్న రాశారు: ఈ పనికి ఏం కావాలి? గంటసేపు వాదించుకుని పిల్లలు మూడు తేల్చారు. లెక్కలో శ్రద్ధ, కొనేవాళ్ళతో ఓర్పు, తప్పు జరిగితే దాచకుండా చెప్పే గుణం. ఒక్కోదానికి రెండేసి ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నారు. ‘నువ్వు నిజాయితీపరుడివా?’ అంటే కాదనేవాడెవడు? అందుకని ‘జరిగిన సంగతి ఒకటి చెప్పండి’ అని అడగాలన్నారు. ఎవరి మార్కు వాళ్ళు రాసి కాగితం మడిచేదాకా నోరు విప్పకూడదని కట్టడి చేసుకున్నారు.

ఆరోజు సంఘంలో ఒక పిల్ల రాకపోతే ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. మొదటిరోజు ఎవరూ ఏమీ అడగని అమ్మాయి వచ్చింది. వాళ్ళ ఊరు బస్సులో గంటన్నర. చూడగానే జాలేసి, ‘అంత దూరం, పొద్దుపోయాక ఎలా వెళతావమ్మా? ఇంట్లో పంపుతారా?’ అన్నాను.

పక్కన కూర్చున్న బక్కపలచని కుర్రవాడు మెల్లగా దగ్గాడు. ‘మేడమ్, ఈ ప్రశ్న మన కాగితంలో లేదు. అబ్బాయిల్ని ఎవరినీ అడగలేదు కూడా.’

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఇరవై యేళ్ళనుంచి ఆ ముగ్గురినీ మనసులో తిట్టుకుంటున్నదాన్ని, నాలుగో మనిషిగా వెళ్ళి వాళ్ళ పక్కనే కూర్చున్నాను! వాళ్ళు కూడా వాత్సల్యంతోనే అడిగారేమో, ఎవరికి తెలుసు. తప్పయిందని ఒప్పుకుని ప్రశ్న ఉపసంహరించుకున్నాను.

కాగితంలో తరవాతి ప్రశ్న: లెక్క తేడా వచ్చినప్పుడు మీరేం చేశారు? ఆ పిల్ల ఇంగ్లీషులో, తనకు అనుభవం లేదని చెప్పి తల వంచుకుంది. తెలుగులో చెప్పమన్నాను. కాసేపు ఆగి, వాళ్ళ నాన్న ఊళ్ళో టిఫిన్ బండి నడుపుతాడని చెప్పింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి తనే ఇడ్లీలు వేస్తుందట. ఆటోవాళ్ళ ఖాతాల పుస్తకం కూడా తన చేతిలోనేనట. ఒక నెల 740 రూపాయలు తేడా వచ్చింది. నాన్న ఆటోవాళ్ళ మీద అనుమానపడ్డాడు. ఈ పిల్ల పుస్తకం పట్టుకుని ఒక్కో రోజే చూసుకుంటూ వచ్చింది. తేడా అంతా ఆదివారాల్లోనే ఉంది. ఆదివారం తమ్ముడు కూర్చుంటాడు; బండి దగ్గర తిన్న ప్లేట్లు రాస్తాడు గాని, కట్టించుకుపోయిన పార్సిళ్ళు రాయడు. పార్సిళ్ళకు వేరే గడి గీసింది. మళ్ళీ తేడా రాలేదు. ‘ముందు ఆటోవాళ్ళకి సారీ చెప్పించాను మేడమ్, మా నాన్న చేత’ అంది.

కాగితాలు విప్పితే ఆ ప్రశ్నకు అందరం అయిదుకు అయిదు వేశాం. అదరగొట్టిన కుర్రవాడికి దానిలో రెండే వచ్చాయి. అతన్ని తీసిపారెయ్యనక్కరలేదు లెండి, కొనేవాళ్ళతో మాట్లాడే ప్రశ్నలో అతనే మొదటివాడు. కామర్సు మాస్టారు మాత్రం ఆ సాయంత్రమంతా దిగాలుగా ఉన్నారు. ‘మూడేళ్ళుగా ఆ పిల్లకి పద్దులు చెబుతున్నానండీ, బండి సంగతి నాకు తెలియదు’ అన్నారు.

వచ్చే కంపెనీవారు తెలుగులో వింటారా అని మీరడుగుతారు. వినరు. సివిల్స్ వారు వింటారు. ప్రధాన పరీక్ష తెలుగులో రాసినవాళ్ళు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చును. 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు తెచ్చుకున్న రోణంకి గోపాలకృష్ణ అలా తెలుగులోనే మాట్లాడారు. కంపెనీల దారి వేరు కనుక, బండి కథ మూడుసార్లు తెలుగులో చెప్పించి, తరవాత చిన్న చిన్న వాక్యాలుగా ఇంగ్లీషులో చెప్పించాను. వ్యాకరణం అక్కడక్కడ కుంటింది. అయినా చెబుతున్నంతసేపూ తల దించలేదు.

కంపెనీవారు వచ్చి వెళ్ళారు. ఆ పిల్ల సరాసరి నా గదికి వచ్చింది.

‘అక్కడ కూడా అదే అడిగారు మేడమ్, దూరం గదా, ఇంట్లో పంపుతారా అని.’

నాకు గుండె గతుక్కుమంది. ‘మరి నువ్వేమన్నావు?’

‘నాలుగింటికి నన్ను లేపేదీ మా నాన్నే, కాలేజీ బస్సెక్కించేదీ ఆయనే, మీ బస్సు ఎన్నింటికో చెప్పండి సార్ అన్నాను. ఆయన నవ్వి, ఏదో రాసుకున్నారు.’

ఏం రాసుకున్నాడో మాకు తెలియదు. ఫలితం ఈ వారంలో చెబుతామన్నారు. ఎక్కడ ఫోను మోగినా ఆ పిల్లకంటే ముందు నేనే ఉలిక్కిపడుతున్నాను.