చూడదగిన చోటు: పాలమూరు పిల్లలమర్రి

సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి అనే గ్రామమున్నది. అక్కడివి కాకతీయుల కాలపు గుళ్లు. ఈ మాసము మేము చెప్పేది మహబూబ్‌నగర్‌కు నాలుగు కిలోమీటర్ల దూరములోని మర్రిచెట్టు సంగతి.

దూరమునుండి చూస్తే చిన్న గుట్టవలె ఉంటుంది. దగ్గరికి వెళ్తే మొదటి మాను ఏదో గుర్తుపట్టలేము. ఊడలు దిగి, నేలలో పాతుకొని, తామే మానులై సుమారు మూడెకరాలు పరచుకొన్నవి. తల్లి చుట్టూ పిల్లలు నిలిచినట్లుంటుంది గనుక ఆ పేరు. వయస్సు దాదాపు 700 సంవత్సరాలని చెబుతారు.

2017 డిసెంబరులో దీని పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడినది. చెదలు లోపల గుల్ల చేసినవి. జనము కొమ్మలు పట్టుకొని ఊగుట కూడ చెట్టుకు చేటు చేసినది. సందర్శకులను ఆపి, 2018లో వైద్యము చేశారు. మొదట రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయినది. అప్పుడు రోగికి ఎక్కించినట్లే వందలకొద్దీ సెలైన్ సీసాలు కొమ్మలకు వ్రేలాడదీసి, నీళ్లు కలిపిన క్లోరిపైరిఫాస్‌ను బొట్టుబొట్టుగా ఎక్కించారు. మన రైతులు చెదలకు వాడే మందే అది! బరువైన కొమ్మల క్రింద సిమెంటు దిమ్మెలు కట్టారు. లేత ఊడలను గొట్టాలగుండా నేలకు దింపారు.

మాకు అన్నిటికంటె నచ్చినది ఈ ఊడల పనియే. ఊడ నేలను అందుకొంటేనే పైకొమ్మకు ఆధారము. దానిని త్రెంచి, ఉయ్యాలగా లాగినచోట ఆ కొమ్మ తన బరువు తానే మోయాలి.

ప్రక్కనే పురావస్తు ప్రదర్శనశాల కూడ ఉన్నది. సెలవులలో వెళ్లేవారు కంచె ఇవతలనుండే చూడండి. ఇంకా నేలకు అందని ఊడలు ఎన్ని ఉన్నవో పిల్లలచేత లెక్కపెట్టించండి.