మా ఖబర్లలో దయ్యాల్లేవు

హైదరాబాద్ చూడటానికి ఇప్పుడు గైడ్ అక్కర్లేదు. ఫోన్‌లో ఒక యాప్, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, వాటిలో ఒక గొంతు. మీరెక్కడ నిలబడ్డారో ఫోన్‌కి తెలుస్తుంది. చార్మినార్ దగ్గరికి రాగానే చార్మినార్ కథ దానంతటదే మొదలవుతుంది. ఎడమకి తిరగమంటే తిరుగుతారు. ఆగమంటే ఆగుతారు. బేరాలాడే గైడ్లు లేరు, గుంపుతో పరుగులు లేవు. ఎవరి తీరికను బట్టి వాళ్లు నడవొచ్చు. దీంతో మాకేం పేచీ లేదు. మా పేచీ ఆ గొంతుతో.

ఈ మధ్య మేం నలుగురం అట్లాంటి రాత్రి నడక ఒకటి డబ్బిచ్చి కొనుక్కున్నాం. పాతబస్తీలో పుట్టి పెరిగినవాళ్లం కదా, మా గల్లీ గురించి ఏం చెబుతారో విందామని. ముందు గాలి ఊళ వేసింది. తర్వాత తలుపు కిర్రుమంది. తర్వాత గజ్జెలు, ఆ తర్వాత ఒక ఆడమనిషి ఏడుపు. అక్కడ ఇప్పటికీ ఒక బేగం తిరుగుతోందట! ఆ బేగం తిరిగే చోట మాలో ఒకడి చాచాకి పంక్చర్ దుకాణం ఉంది. రాత్రి పదకొండు దాకా తీసే ఉంటుంది. మేం పోయేసరికి ఆయన ట్యూబుని నీళ్లల్లో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాడు. మమ్మల్ని చూసి ఏదో అన్నాడు. మాకు వినిపించలేదు, చెవుల్లో బేగం ఏడుస్తోంది. నలభై ఏళ్లుగా అక్కడ కూచున్న మనిషి ఆ గొంతుకి లేడు. ఎన్నడూ లేని బేగం ఉంది.

ఈ దేశపు కథల్లో మాకు దొరికేవి రెండే వేషాలు. నవాబు, లేకపోతే దయ్యం. మధ్యలో మనిషి వేషం ఎవరూ ఇవ్వరు.

ఢిల్లీలో మాల్చా మహల్ చూడండి. తుగ్లక్‌ల కాలం నాటి వేటమహల్. అవధ్ రాజవంశం వాళ్లమని చెప్పుకున్న విలాయత్ మహల్ అనే ఆమెకూ ఆమె పిల్లలకూ 1985లో ప్రభుత్వం దాన్ని ఇచ్చింది. కరెంటు లేని అడవి కొంపలో ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోయారు. 2023లో ఢిల్లీ టూరిజం వాళ్లు అక్కడికి దయ్యాల నడక పెట్టారు. టికెట్టు కొని బేగం దయ్యాన్ని చూసి రావొచ్చు. అసలు సంగతేమంటే, ఆ కుటుంబం నవాబులు కారని 2019లోనే న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆమె భర్త లక్నో విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రార్. విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి, అక్కడా ఇమడలేక ఆమె తిరిగొచ్చింది. మనసు చెదిరిన తల్లి, ఆమె వెనక పిల్లలు, ఏళ్ల తరబడి రైల్వే స్టేషన్లో కాపురం. ఇదొక మామూలు ముస్లిం కుటుంబం విభజనలో చితికిపోయిన కథ. బతికున్నన్నాళ్లూ వాళ్లు నవాబు వేషం వేసుకున్నారు, చచ్చాక మీరు దయ్యం వేషం వేశారు. రిజిస్ట్రార్ కుటుంబంగా వాళ్లను చూడటానికి మాత్రం ఎవరూ టికెట్ కొనరు.

మళ్లీ మా ఊరికి వద్దాం. గోల్కొండలో తారామతి రాత్రిళ్లు నాట్యం చేస్తుందని అందరూ చెప్పుకునేదే. మైలు దూరంలో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర తారామతి సమాధి ఉంది. ప్రేమామతి సమాధీ ఉంది. రాజుల సమాధుల సరసన నాట్యకత్తెలకు చోటిచ్చిన ఊరు ఇది. ఆ ఒక్క మాట మీద ఎంత చెప్పుకోవచ్చు! ఆ ఆడవాళ్ల విద్య ఏమిటి, వాళ్లకా గౌరవం ఎట్లా దక్కింది? గొంతుకి ఇవేం పట్టవు. దానికి గజ్జెల చప్పుడు చాలు. ఖబర్లో ప్రశాంతంగా పడుకున్న మనిషిని లేపి కోటలో తిప్పుతుంది.

గోల్కొండలో ఇంకో తమాషా. బాలాహిస్సార్ దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండమీద బారాదరి దాకా వినిపిస్తుంది. శత్రువొస్తే కబురు పైకి చేరాలని అట్లా కట్టారంటారు. పేరు తెలియని మేస్త్రీలు రాళ్లతో కట్టిన చెవి అది. దాని కింద నిలబడి మనం చెవులు మూసుకుని ఫోన్‌లో రికార్డు చేసిన చప్పట్లు వినాలా?

ఇక నడవటం సంగతి. అర్ధరాత్రి మా గల్లీల్లో మీరు నడిస్తే అది హెరిటేజ్. మా పిల్లలు నడిస్తే? 2010ల దశకంలో పాతబస్తీలో పోలీసులు ఆపరేషన్ చబుత్రా అని పెట్టారు. చబుత్రా అంటే అరుగు. రాత్రిపూట అరుగుల మీద కూచుని కబుర్లాడుకునే కుర్రాళ్లను బండెక్కించి తీసుకుపోయి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చారు. ఒక గదిలో ఎనిమిది మంది పడుకునే ఇంట్లో కుర్రాడికి అరుగు కాక ఇంకేముంటుంది? అదే అరుగు ముందు నిలబడి యాప్ గొంతు చెబుతుంది... భయపడకండి, మీ వెనక ఎవరో నడుస్తున్నారు అని. ఆ వెనక నడిచేది మా తమ్ముడే. టీ తాగి ఇంటికి పోతున్నాడు. వాణ్ని చూసి ఎందుకు ఉలిక్కిపడాలో మీకు ఎవరు నేర్పారు?

ఇది వినోదమే కదా, ఇంత కోపమెందుకని సెక్యులర్ మిత్రులు అంటారు. మీ మతంలో జిన్నాతులు లేవా అని కూడా అంటారు. ఉన్నాయి. ఖురాన్‌లో ఆ పేరుతో ఒక సూరా కూడా ఉంది. కానీ జిన్ను చచ్చిన మనిషి కాదు. మనిషిలాగే అదీ అల్లా పుట్టించిన ఇంకో జాతి. దానిలోనూ మంచివున్నాయి, చెడ్డవున్నాయి. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లాలో గురువారం పూట జనం జిన్నులకు అర్జీలు రాసి గోడలకు పెడతారు. పిల్లకు పెళ్లి కాలేదని, ఉద్యోగం పోయిందని. హిందువులూ పెడతారు. సర్కారు వినని మొర జిన్నుకు చెప్పుకుంటున్నారు. అదీ దయ్యాల కొంపే అని టూరిస్టు జాబితాల్లో చేర్చారు. దరఖాస్తులు పెట్టుకునే చోటుని దయ్యాల కొంప అంటే, కలెక్టరాఫీసుని ఏమనాలి?

మా ఇళ్లల్లోనూ ఆసేబ్ పట్టిందని తాయెత్తులు కట్టించుకునే నానీమాలు ఉన్నారు, దాయటం లేదు. కానీ మా చచ్చినవాళ్లు మాకు భయం కాదు. ఖబరస్తాన్ గేటు దాటగానే లోపలున్నవాళ్లకు సలాం చెప్పటం మా అలవాటు. మీరు ముందు పోయారు, వెనక మేమూ వస్తాం అని చెబుతాం. షబే బరాత్ రాత్రి వచ్చి చూడండి. ఊరంతా ఖబరస్తాన్‌లోనే ఉంటుంది. గులాబీ రేకులు, అగరొత్తుల పొగ, ఖబర్ల మధ్య దీపాలు. అబ్బా వేలు పట్టుకుని చిన్నపిల్లాడు తాత ఖబరెక్కడో గుర్తుపెట్టుకుంటాడు. కొన్నిటికి రాళ్లు కూడా లేవు, వేపచెట్టు నుంచి మూడోది అని లెక్క. అర్ధరాత్రి సమాధుల మధ్య మా పిల్లలు భయం లేకుండా పెరిగారు. ఆ రాత్రి మీ ఇయర్‌ఫోన్‌లో లేదు.

దయ్యాల కథ అసలు చచ్చినవాళ్లను మరిచిపోవటానికి పనికొచ్చినట్టు ఇంకేదీ పనికిరాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనీ కూతుర్నీ ఆ నీళ్లల్లో పోగొట్టుకున్నాడు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. మామూలుగా చింతచెట్టుకి దయ్యాన్ని తగిలిస్తారు, ఈ చెట్టేమో మనుషుల్ని కాపాడింది! 1948 పోలీసు చర్యలోనూ ఆ తర్వాతా హైదరాబాద్ రాష్ట్రంలో చచ్చినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టింది. నెహ్రూ పంపిన కమిటీయే. ఆ నివేదికని అరవై ఏళ్లు జనానికి అందనివ్వలేదు. అంతకుముందు రజాకార్లు చేసిన ఘోరాల్నీ మేం దాచం, అవీ చెప్పండి. కానీ ఆ వేలమందిలో ఒక్కరూ ఏ నడకలోనూ దయ్యంగానైనా కనిపించరెందుకు? ఎందుకంటే వాళ్లు కనిపిస్తే జవాబు చెప్పాలి. బేగం దయ్యానికి జవాబు చెప్పక్కర్లేదు.

ఇది మా ఒక్కళ్ల గొడవ కాదు. అమెరికాలో సవన్నా అని దయ్యాలకు పేరుపడ్డ పాత ఊరుంది. అక్కడ ఒక భవంతిలో మోలీ అనే బానిస పిల్ల దయ్యం కథ చెప్పి టికెట్లు అమ్ముతారు. టియా మైల్స్ అనే నల్లజాతి చరిత్రకారిణి ఆ పిల్ల కోసం పాత రికార్డులు వెతికితే ఆనవాలే దొరకలేదు. 2015లో దీనిమీద ఒక పుస్తకమే రాసింది. నిజంగా బతికి చచ్చిన బానిస ఆడవాళ్లను వదిలేసి కల్పించిన దాన్ని అమ్ముకోవటం... మాకు చదువుతుంటే మా గల్లీయే గుర్తొచ్చింది.

మా వాళ్ల తప్పూ ఉంది. నిజాం నగలు, నిజాం కార్లు అని మురిసిపోతాం. ఆ నవాబులు మా తాతలు కారు. మా తాతలు దూది ఏకారు, రాళ్లు కొట్టారు, రిక్షా తొక్కారు. లాడ్ బజార్లో మెరిసే లక్క గాజులకు 2024లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. ఆ గాజు వెనక బొగ్గుల కుంపటి ముందు వేళ్లు కాల్చుకుంటున్న మా ఆడవాళ్ల గురించి మేమే ఎన్నడూ నోరు విప్పలేదు. మనం మాట్లాడని చోటికి యాప్ గొంతు వచ్చి కూచుంది. మన కుర్రాళ్ల దగ్గరా ఫోన్లున్నాయి, గొంతులున్నాయి. చాచా గొంతుని రికార్డు చేయటానికి ఎంత ఖర్చవుతుంది?

ఈసారి షబే బరాత్‌కి రండి. ఇయర్‌ఫోన్లు జేబులో పెట్టుకుని రండి. మా చాచా ఆ రాత్రి దుకాణం కట్టేసి ఖబరస్తాన్ గేటు దగ్గర చెప్పులు చూస్తుంటాడు. ఏ గల్లీకి ఏ పేరు ఎట్లా వచ్చిందో ఆయన్నడగండి. చాయ్ కూడా ఆయనే తెప్పిస్తాడు.